వారాలబ్బాయి సముద్రం దాటితే

పూర్వం పల్లెటూళ్ళ నుంచి గుంటూరుకూ, ఒంగోలుకూ చదువుకోసం వచ్చిన బీద విద్యార్థులు చాలామంది వారాలు చేసుకుని చదువుకునేవారు. వారాలంటే ఏమిటో తెలియకపోతే మీ తాతగారిని అడగండి. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం మరొక ఇంట్లో, ఇలా ఏడు రోజులకు ఏడు ఇళ్ళు కుదుర్చుకునేవారు. డబ్బిచ్చేది లేదు, చుట్టరికమూ లేదు. అయినా, "మా వారాలబ్బాయి ఇంకా రాలేదేమిటి?" అంటూ ఎదురుచూసిన ఇల్లాళ్ళు ఎందరో. అన్ని ఇళ్ళూ అలాగే ఉండేవని కాదు. కడుపు నిండకపోయినా మారు అడగటానికి నోరురాక, విస్తరి ముందు నుంచి లేచిపోయిన పిల్లలూ ఎందరో.

ఆ వారాలు ఇప్పుడు లేవు. కాని పరాయి ఇంట్లో ఉండి చదువుకోవటం మరొక రూపంలో వచ్చింది. ఈసారి దూరం చాలా ఎక్కువ. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికులను ఆస్పత్రులకు చేర్చే బళ్ళు నడపటానికి 1915లో అమెరికన్ ఫీల్డ్ సర్వీస్ అనే సంస్థ ఏర్పడింది. రెండు యుద్ధాలు చూసిన తరువాత ఆ సంస్థవారే, దేశదేశాల పిల్లలు ఒకరి ఇళ్ళలో ఒకరు కొంతకాలం ఉంటే మంచిదనుకుని, 1947లో బడిపిల్లలను ఒక దేశం నుంచి మరొక దేశానికి పంపటం మొదలుపెట్టారు. ఇప్పుడు ఇలాంటి సంస్థలు ఎన్నో ఉన్నాయి. విద్యార్థి వెళ్ళి ఒక కుటుంబంలో బిడ్డలాగా ఉంటాడు; అక్కడి బడికే వెళతాడు.

మన ప్రాంతానికి ఇది కొత్త అనుకోకండి. చైనా నుంచి హ్యూయన్‌త్సాంగ్ అనే భిక్షువు క్రీ.శ. 639 ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉన్న ధాన్యకటకానికి వచ్చాడు. అమరావతి పక్కన ఇప్పుడు ధరణికోట అంటున్నామే, అదే. ఆయన అక్కడ కొన్ని నెలలు ఉండి, సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మ శాస్త్రం చదువుకున్నాడు. తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలు వారికి చెప్పాడు. అతిథి గురువూ అయినాడు, శిష్యుడూ అయినాడు!

ప్రకాశం జిల్లాకు 1972లో ఎవరి పేరు పెట్టారో మీకు తెలుసు. ఆ టంగుటూరి ప్రకాశం చిన్నతనంలో తండ్రి పోతే, తల్లి ఒంగోలులో భోజనాల ఇల్లు నడిపి కుటుంబాన్ని సాకింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు రాజమండ్రికి మారిపోతూ ఆ కుర్రవాణ్ణి తనవెంట తీసుకుపోయి చదివించాడు. తరువాత 1904లో ప్రకాశం బారిస్టరు చదువుకు ఇంగ్లండు బయలుదేరినప్పుడు, మాంసమూ మద్యమూ పొగా ముట్టనని తల్లికి మాట ఇచ్చి మరీ వెళ్ళాడు.

ఇలాంటి నియమం ఉన్నవాళ్ళు ఆ సంగతి బయలుదేరకముందే ఉత్తరంలో రాయాలి. వెళ్ళినరోజున మరొకసారి నోటితో చెప్పాలి. వాళ్ళు ఎంతో శ్రమపడి వండి, ముందు పెట్టిన తరువాత "నేను ఇది తినను" అంటే ఇద్దరికీ బాధే.

అన్నిటికన్న పెద్ద చిక్కు భాష అని చాలామంది అనుకుంటారు. కాదు. అసలు చిక్కు మొహమాటం!

మన ఇళ్ళలో చూడండి. "ఇంకాస్త అన్నం పెట్టమంటారా?" అంటే చుట్టం "వద్దండీ" అంటాడు. వద్దంటే వద్దని కాదు. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ వద్దంటాడు. మూడోసారి అడక్కుండానే గరిటెతో వడ్డించేస్తారు. చుట్టం సంతోషంగా తింటాడు. ఇది మనకు అలవాటైన ఆట. జర్మనీలోనో, అమెరికాలోనో ఈ ఆట ఆడబోతే ఏమవుతుంది? "ఇంకా కావాలా?" అంటారు. మీరు అలవాటు కొద్దీ వద్దంటారు. వాళ్ళు "సరే" అని గిన్నె లోపల పెట్టేస్తారు! పాపం, వాళ్ళు మీ మాటను గౌరవించారు. మీరు మాత్రం రాత్రంతా ఆకలితో దొర్లుతారు. అందుచేత అక్కడ కావాలంటే "కావాలి" అనండి. అదేమీ సిగ్గుపడవలసిన పని కాదు.

ఆ దేశపు పిల్ల మీ ఇంటికి వస్తే చిక్కు తిరగబడుతుంది. ఆ అమ్మాయి వద్దంటే నిజంగానే వద్దు. మీ నాయనమ్మ ఆగదు. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుని తింటుంది. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అనటం ఆమెకు మొదటిరోజునే నేర్పండి. నాయనమ్మకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

పిలుపుల సంగతి కూడా ఉన్నది. మనం పెద్దవాళ్ళను పిన్నీ, బాబాయీ, అత్తయ్యా అని పిలుస్తాం. చాలా దేశాలలో పేరు పెట్టే పిలవమంటారు. నాన్న వయసువాణ్ణి పేరుపెట్టి పిలవటానికి మీకు నోరు తిరగదు. "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని ముందే అడిగితే సరిపోతుంది. అలాగే, మన ఇంట్లో అమ్మ మంచినీళ్ళిస్తే ఎవరూ థాంక్స్ చెప్పరు. చెబితే అమ్మ "ఏమిటీ కొత్త?" అంటుంది. అక్కడ చెప్పకపోతే పొగరనుకుంటారు.

ఇక మన గుంటూరు కారం! కొత్తవాళ్ళు పండుమిరపకాయ పచ్చడి నాలుకకు తగలగానే మంచినీళ్ళకోసం పరుగెత్తుతారు. నీళ్ళతో లాభం లేదు. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్ నీటిలో కరగదు. కొవ్వులో కరుగుతుంది. అందుకని పాలో, పెరుగో ఇవ్వండి. నోట్లో వేడిని కనిపెట్టే ఒక చిన్న ద్వారమే ఈ కాప్సైసిన్‌కు కూడా తెరుచుకుంటుంది. అందువల్ల నిజంగా కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. ఈ ద్వారాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమానం వచ్చింది. మన అమ్మమ్మలు ముద్దపప్పులో నెయ్యి ఎందుకు వేసేవారో ఇప్పుడు తెలిసిందా?

మాఘ ఫాల్గుణాలలో వచ్చే అతిథికి ఎర్రగా పరచిన మిరప కల్లాలు చూడాలని ఉంటుంది. తీసుకువెళ్ళండి. తుమ్ములు తప్పవు. కాయలు ముట్టుకున్న చేతితో కళ్ళు నలుపుకోవద్దని మాత్రం ముందే చెప్పండి. చేతులకు కాస్త నూనె రాసుకుని ఆపైన సబ్బుతో కడుక్కుంటే మంట త్వరగా పోతుంది. ఇందులో ఒక తమాషా ఉన్నది. ఆ అతిథి అమెరికా ఖండం నుంచి వచ్చినవాడైతే, మిరప కూడా అక్కడినుంచి వచ్చిందేనని అతనికి చెప్పండి. పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తీసుకువచ్చేదాకా మన తాతముత్తాతలు కారానికి మిరియాలే వాడుకునేవారు.

పెద్దలకు ఒక మాట. అన్ని ఇళ్ళూ కుదరవు. పిల్లవాడికి అక్కడ భయమేసినా, ఎవరైనా చెడుగా ప్రవర్తించినా, "వాళ్ళు ఏమనుకుంటారో" అని దాచుకోకుండా చెప్పేటట్టు పంపేముందే ధైర్యం చెప్పాలి. మీకు చెప్పాలి, పంపిన సంస్థ మనిషికి చెప్పాలి. ఇల్లు మార్చమని అడగటం కృతఘ్నత కాదు.

మీ ఇంటినుంచి బయలుదేరే రోజున ఆ విదేశీ పిల్లవాడు, పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగులో "నేను పోతున్నాను" అంటాడేమో. నాయనమ్మ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. నవ్వకండి. మన ఇళ్ళలో ఎవరూ పోరనీ, గుమ్మం దాటేటప్పుడు "వెళ్ళొస్తాను" అనాలనీ చెప్పండి. ఒకటికి రెండుసార్లు పలికించండి. ఒత్తు కాస్త కష్టమే.