మీకు తెలుసా? మోకాలి నొప్పిని ‘లాగేసే’ పట్టుబట్ట

1973లో చైనాలోని చాంగ్‌షా నగర శివార్లలో, మవాంగ్‌దుయ్ అనే చోట ఒక సమాధి తవ్వితే లక్క పూసిన పెట్టె బయటపడింది. క్రీ.పూ. 168లో మూసేసిన సమాధి అది. పెట్టెలో పట్టుబట్టల మీద రాసిన పుస్తకాలున్నాయి. అందులో ఒక బట్ట ముక్కలు ముక్కలైపోయింది. ఓపిగ్గా అతికించి చూస్తే నలభై నలుగురు మనుషులు కనిపించారు! వరసకు పదకొండు మంది చొప్పున నాలుగు వరసలు. ఒక్కో బొమ్మ జానెడులో సగం ఎత్తుంటుంది. ఆడా మగా, ముసలీ పడుచూ అందరూ ఉన్నారు. కొందరు నిండుగా బట్టలు కట్టుకున్నారు, కొందరికి పైబట్ట లేదు. ఒకరు చేతులు బార్లా చాపారు, ఇంకొకరు పొడవాటి కర్ర పట్టుకుని నడుం వంచారు.

తర్వాతి కాలంలో తావో అనే చైనా మత మార్గపు సాధకులు సొంతం చేసుకున్న ‘దావోయిన్’ కసరత్తులివి. ‘యిన్’ అంటే లాగడం. కొన్ని బొమ్మల పక్కన ఎలుగుబంటి, కొంగ లాంటి పేర్లున్నాయి. మరికొన్నిటి పక్కన ఏకంగా జబ్బు పేరే రాశారు: మోకాలి నొప్పిని లాగడం, చెవుడును లాగడం. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మాటే. మనం సాయంత్రానికి ‘కాళ్ళు లాగేస్తున్నాయి’ అంటాం. అక్కడ మనిషే నొప్పిని పట్టుకుని బయటికి లాగుతున్నాడు.

క్రీ.శ. రెండో శతాబ్దపు వైద్యుడు హ్వా తువో ఇలాంటి కసరత్తులను ఐదు జంతువుల ఆటగా కూర్చాడు. పులి, జింక, ఎలుగు, కోతి, పక్షి. తిరుగుతూ ఉండే తలుపు ఇరుసు పుచ్చిపోదని శిష్యుడికి పోలిక చెప్పాడట. ఒంట్లో నలతగా ఉంటే లేచి ఒక జంతువు ఆట ఆడాలి, చెమట పట్టాలి. అప్పుడు ఒళ్ళు తేలికవుతుంది, ఆకలి వేస్తుంది. అంతే వైద్యం! అలా చేసిన శిష్యుడు వూ పూకు తొంభై దాటాక కూడా చూపూ వినికిడీ తగ్గలేదని, పళ్ళన్నీ గట్టిగా ఉన్నాయని పాత చైనా చరిత్రలు చెబుతున్నాయి.

మరి రాజులు ఏం చేశారు? చావు రాకుండా ఉండాలని మాత్రలు మింగారు. ఇంగిలీకం అనే ఖనిజాన్ని కాల్చితే పాదరసం, పాదరసాన్ని గంధకంతో కలిపి కాల్చితే మళ్ళీ ఇంగిలీకం. చచ్చి బతికే ఈ వస్తువు మనిషికీ చావు లేకుండా చేస్తుందని తావో రసవాదులు నమ్మారు. ఆ మందులు తిన్న తాంగ్ వంశపు చక్రవర్తుల్లో వూజోంగ్ ఒకడు. 846లో చనిపోయేనాటికి అతనికి ముప్పై రెండేళ్ళు నిండలేదు. తర్వాత్తర్వాత రసవాదుల కొలిమి ధ్యానం రూపంలో సాధకుడి శరీరంలోకి మారింది. బొడ్డు కింద మూడు వేళ్ళ దూరంలో ధ్యాస నిలిపి శ్వాసను గమనించే చోటును ఇప్పటికీ ‘దాన్‌థియెన్’ అంటారు, అంటే ఇంగిలీకపు పొలం. విషం పోయింది, పేరు మిగిలింది.

అన్నట్టు, తుపాకీ మందును చైనా భాషలో ‘హువోయావో’ అంటారు. నిప్పు మందు అని అర్థం. గంధకం, సురేకారం, తేనె కలిపి కాచినవాళ్ళకు చేతులూ ముఖాలూ కాలాయని, ఇల్లే తగలబడిందని వెయ్యేళ్ళు దాటిన ఒక తావో గ్రంథం హెచ్చరిస్తుంది. రోగానికి వేసుకునేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే. ఈ విషయంలో తెలుగుకూ చైనా భాషకూ భలే పోలిక.

తావో సాధకులు జాగారం కూడా చేసేవారు. మనిషి ఒంట్లో మూడు పురుగులుంటాయని, అరవై రోజులకోసారి అతను నిద్రపోయిన రాత్రి అవి స్వర్గానికి వెళ్ళి అతని తప్పులు చెప్పి ఆయువు తగ్గిస్తాయని నమ్మకం. ఆ రాత్రి కన్ను మూయకపోతే సరి. వాటికి తిండి దొరక్కుండా ధాన్యం మానేసేవారూ ఉన్నారు. ఈ జాగారం జపాన్‌కు వెళ్ళి ‘కోషిన్’ అయింది. చెవి, నోరు, కన్ను మూసుకున్న మూడు కోతులను అక్కడి కోషిన్ రాళ్ళ మీద చెక్కారు.

చివరిగా మన దేశం మాట. 652 ప్రాంతంలో తావో వైద్యుడు సున్ సిమియావో ఒక పెద్ద వైద్య గ్రంథం పూర్తి చేశాడు. అందులో ‘భారతదేశపు బ్రాహ్మణ పద్ధతి’ అంటూ పద్దెనిమిది కదలికలు రాశాడు. విల్లు లాగినట్టు చేతులు సాగదీయడం వాటిలో ఒకటి. రోజుకు మూడుసార్ల చొప్పున నెల రోజులు చేస్తే ముసలివాళ్ళు కూడా పరుగెత్తే గుర్రాన్ని అందుకుంటారట! అన్నిటికన్నా మొదటి కదలిక మాత్రం చాలా తేలిక: చేతులు కడుక్కుంటున్నట్టు ఒకదానితో ఒకటి పట్టుకుని మెలితిప్పడం.