ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ప్రారంభ దశ: భద్రత, గోప్యత సమస్యలు

4.1 పరిచయం

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటే ఏమిటో గత భాగంలో తెలుసుకొన్నాం. ఒక సంస్థ చేసే పనులు, ఆ పనులకు వాడే సమాచారం, ఆ సమాచారాన్ని నడిపే సాఫ్ట్‌వేర్లు, వాటి కింద ఉండే యంత్రాలు - ఈ నాలుగింటినీ ఒకే చిత్రంగా గీసి, మున్ముందు అవి ఎలా ఉండాలో నిర్ణయించే పద్ధతి అది. ఈ భాగంలో ఆ పని మొదలుపెట్టేటప్పుడు ఎదురయ్యే మొదటి చిక్కును పరిశీలిద్దాం. విడివిడిగా ఉన్నప్పుడు పెద్దగా హాని చేయని సమాచారం, ఒకచోట కలిపితే హాని చేయగలదు. కలపడమే ఈ కార్యక్రమం ఉద్దేశం. అందుకే భద్రత, గోప్యతలకు సంబంధించిన నిర్ణయాలు సాఫ్ట్‌వేరు కొనడానికి ముందే జరగాలి.

4.2 జిల్లా విడిపోతే సమాచారం ఏమవుతుంది?

పూర్వపు వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. పాత జిల్లాను అయిదు ముక్కలు చేయడంతోనే పని అయిపోలేదు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి వచ్చాయి. కాటారం, మహదేవ్‌పూర్ మండలాలు కరీంనగర్ నుంచి భూపాలపల్లిలో కలిశాయి. ఖమ్మం నుంచి భూపాలపల్లిలోకి వచ్చిన వాజేడు, వెంకటాపురం మండలాలు 2019 ఫిబ్రవరి 17న కొత్తగా ఏర్పడిన ములుగు జిల్లాకు వెళ్లాయి. వాజేడులోని ఒక కుటుంబం ఉన్న ఇల్లు కదలకుండానే మూడేళ్లలోపు మూడు జిల్లాల కిందికి వచ్చిందన్నమాట.

ఆ కుటుంబం రేషన్ కార్డు, భూమి పాసు పుస్తకం, పింఛను, బడి పిల్లల వివరాలు కూడా వారితోపాటు జిల్లాలు మారాలి. ఇక్కడ ఆర్కిటెక్చర్ నిపుణుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. సమాచారం కొత్త కార్యాలయానికి చేరాక పాత కార్యాలయంలోని ప్రతిని తొలగించారా? పాత జిల్లా ఉద్యోగి లాగిన్ ఇంకా పనిచేస్తోందా? ఈ జాబితాకు ఇప్పుడు బాధ్యుడు ఎవరు? మూడో ప్రశ్నకు పేరు, హోదాతో సమాధానం రాకపోతే మొదటి రెండింటికీ సమాధానం దొరకదని గమనించండి.

ఏ కార్యాలయంలోనైనా ఒకే పాస్‌వర్డును నలుగురు వాడుకోవడం, బదిలీ అయినవారి ఖాతా అలాగే ఉండిపోవడం మామూలు సంగతులు. ఒక శాఖ సమాచారమే ఉన్నప్పుడు ఆ అజాగ్రత్త వల్ల వచ్చే నష్టం ఆ శాఖ వరకే ఉంటుంది. పది శాఖలను జోడించిన తరువాత అదే లాగిన్ పది తలుపులకు తాళంచెవి అవుతుంది. బయటినుంచి వచ్చే హ్యాకరు గురించి సమావేశాల్లో చాలాసేపు మాట్లాడతారు. లోపలి ఖాతాల గురించి అందులో సగంసేపు మాట్లాడినా ఎక్కువ మేలు జరుగుతుంది.

4.3 భద్రత వేరు, గోప్యత వేరు

ఈ రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడతారు. అనుమతి లేనివారు సమాచారాన్ని చూడకుండా, మార్చకుండా, అందకుండా చేయకుండా కాపాడడం భద్రత. అనుమతి ఉన్నవారు కూడా అవసరానికి మించి సేకరించకుండా, చెప్పిన పనికి తప్ప మరో పనికి వాడకుండా చూడడం గోప్యత. భద్రత గట్టిగా ఉన్నా గోప్యత దెబ్బతినవచ్చు.

పొరుగు రాష్ట్రం ఉదాహరణ చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్రాన్నంతటినీ ఒకే ఎంటర్‌ప్రైజ్‌గా భావించి ‘ఈ-ప్రగతి’ పేరుతో ఆర్కిటెక్చర్ తయారుచేసింది. 33 శాఖలు, 315 సంస్థలు దాని పరిధిలోకి వచ్చాయి. శాఖల మధ్య సమాచార మార్పిడికి చట్టబద్ధమైన ఆధారం కోసం 2017లో కోర్ డిజిటల్ డేటా అథారిటీ చట్టం కూడా తెచ్చారు. మన దేశంలో ఈ రంగంలో జరిగిన పెద్ద ప్రయత్నాల్లో ఇది ఒకటి. అయితే 2018 ఏప్రిల్‌లో అదే రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు, కులం, మతం వివరాలు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని ఒక భద్రతా పరిశోధకుడు బయటపెట్టాడు. అక్కడ ఎవరూ తాళం పగలగొట్టలేదు. పారదర్శకత కోసం పెట్టిన జాబితాలోనే అన్ని గడులూ ఉన్నాయి. ఇల్లు మంజూరైందా లేదా అని ప్రజలకు తెలియడం అవసరమే. అందుకు మతం గడి ఎందుకు?

మన జిల్లాల్లో ఇంతకంటే సున్నితమైన సందర్భం పింఛన్లది. ఆసరా పింఛన్లను వృద్ధులకు, వితంతువులకు, దివ్యాంగులకు, చేనేత, గీత, బీడీ కార్మికులకు, ఒంటరి మహిళలకు, బోదకాలు బాధితులకు, హెచ్‌ఐవీ బాధితులకు ఇస్తూ వచ్చారు. పింఛను రకాన్ని సూచించే గడిలో ఉండేది ఒక చిన్న సంకేతం మాత్రమే. ఆ శాఖలో అది మామూలు పరిపాలనా వివరం. దాన్ని రేషన్, ఉపాధి హామీ, ఇళ్ల జాబితాలతో జోడించి గ్రామాలవారీ తెరమీద చూపిస్తే, ఫలానా ఇంట్లో ఎవరికి ఏ జబ్బు ఉందో కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రతి ఉద్యోగికీ తెలిసిపోతుంది. జనగామ జిల్లాలోని ఒక చిన్న ఊళ్లో అలాంటి సంగతి బయటికి పొక్కితే ఆ కుటుంబానికి అద్దె ఇల్లు దొరకడం, పిల్ల పెళ్లి కుదరడం కూడా కష్టమవుతుంది. హెచ్‌ఐవీ స్థితిని వెల్లడించడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం నిషేధించింది. ఆ చట్టాన్ని ఉల్లంఘించే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా రెండు పట్టికల జోడింపు ఆ పని చేసేస్తుంది.

దీనికి పరిష్కారం ఆర్కిటెక్చర్‌లోనే ఉంది. గృహనిర్మాణ శాఖకు కావలసింది ‘పింఛను వస్తోందా?’ అనే ప్రశ్నకు అవును లేదా కాదు అనే జవాబు. పట్టిక మొత్తం ఇవ్వకుండా ఆ జవాబు మాత్రమే పంపే అనుసంధానాన్ని రూపొందించాలి. పట్టిక ఇచ్చేసి ‘ఆ గడి చూడకండి’ అని సర్క్యులర్ పంపడం దానికి సాటి రాదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. ధరణి పోర్టల్‌లో పట్టాదారు తన భూమి వివరాలు బయటివారికి కనబడకుండా చేసుకొనే సదుపాయం ఉన్నప్పుడు, అక్రమాలను దాచడానికి అది వాడబడుతోందనే విమర్శ వచ్చింది. భూమి హక్కు నలుగురికీ తెలియవలసిన విషయం. జబ్బు అలాంటిది కాదు. అన్ని వివరాలకూ ఒకే గోప్యతా నియమం పెడితే రెండు వైపులా తప్పే జరుగుతుంది.

4.4 తప్పు జోడింపు

భద్రతకు రహస్యం, సమగ్రత, లభ్యత అనే మూడు లక్షణాలు చెప్పుకొన్నాం. ప్రజల మీద ఎక్కువ దెబ్బ పడేది తరచుగా రెండో దానివల్ల. తెలంగాణ ప్రభుత్వం రూపొందించిన ‘సమగ్ర వేదిక’ పేరు, చిరునామా వంటి వివరాలను పోల్చి, వేర్వేరు శాఖల జాబితాల్లో ఉన్నది ఒకే మనిషా కాదా అని అంచనా వేస్తుంది. రేషన్ కార్డులకు అనర్హులను గుర్తించడానికి దీన్ని ఉపయోగించారు. అర్హులు కూడా కార్డులు పోగొట్టుకొన్నారన్న వ్యాజ్యంలో, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇలాంటి అంచనా ఎక్కడ తప్పుతుందో ఊహించడం కష్టం కాదు. మహబూబాబాద్ తండాల్లో బానోత్, భూక్యా, గుగులోత్ వంటి కొద్ది ఇంటిపేర్లే వందలాది కుటుంబాలకు ఉంటాయి. ఒకే తండాలో ఒకే పేరున్నవారు ముగ్గురుండవచ్చు. ఒక శాఖ ఇంటిపేరును ముందు రాస్తుంది, మరో శాఖ పొడి అక్షరంగా కుదిస్తుంది. ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఒకే పేరు నాలుగు రకాలుగా మారుతుంది. ట్రాక్టరున్న మనిషినీ, కూలికి వెళ్లే మనిషినీ యంత్రం ఒకరే అనుకొంటే, కూలి మనిషి బియ్యం ఆగిపోతాయి. అందుకని జోడింపు ఫలితాన్ని ‘పరిశీలించవలసినవి’ అనే జాబితాగా మాత్రమే తీసుకోవాలి. రద్దు చేసే అధికారం మనిషికే ఉండాలి. రద్దుకు ముందు నోటీసు, తరువాత అప్పీలు అనే రెండు పనులను వ్యాపార ఆర్కిటెక్చర్ చిత్రంలోనే గీయాలి. చిత్రంలో లేని పనికి ఉద్యోగి ఉండడు, బడ్జెట్ ఉండదు.

4.5 ప్రాథమిక దశలో చేయవలసినవి

టోగాఫ్ పద్ధతిలో ‘ప్రాథమిక దశ’ అనేది ఒకటి ఉంది. సూత్రాలు, బాధ్యతలు, పరిధి అక్కడ ఖరారవుతాయి. భద్రతాధికారిని, న్యాయ సలహాదారును ఆ దశలోనే బల్లముందు కూర్చోబెట్టాలి. మొదట తయారుకావలసిన పత్రం సమాచార పట్టిక: ఏ జాబితా, ఎవరి బాధ్యత, ఎందుకు సేకరించారు, ఎంత సున్నితం, ఎప్పుడు తొలగించాలి. చివరి గడిని దాదాపు అందరూ ఖాళీగా వదిలేస్తారు. అది నిండేవరకు సంతకం పెట్టకపోవడం మంచిది.

చట్టం సంగతి క్లుప్తంగా చూద్దాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. సబ్సిడీలు, ప్రయోజనాలు అందించే సందర్భంలో ప్రభుత్వం కొన్ని ప్రమాణాలకు లోబడి, విడిగా సమ్మతి అడగకుండానే డేటాను వాడుకోవచ్చు. పౌరుడికి వద్దనే అవకాశం లేనిచోట ఆర్కిటెక్చర్ గీసేవారి బాధ్యత పెరుగుతుందని గ్రహించాలి. ఇక 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ సంఘటనను గుర్తించిన ఆరు గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. అర్ధరాత్రి సంఘటన జరిగితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టుకోకపోతే ఆరు గంటలు చాలవు.

ఆర్కిటెక్చర్ చిత్రాలు కూడా సున్నితమైనవే. ఏ సర్వరు ఎక్కడుంది, ఏది పాతబడింది, ఏది దేనితో కలిసింది అనే వివరాలన్నీ ఒకేచోట చేర్చడమంటే దొంగకు ఇంటి ప్లాను గీసి ఇచ్చినట్లే. ఆ పత్రాలను అందరూ తెరవగల ఫోల్డరులో ఉంచరాదు. కొన్నిటిని అసలు కలపకపోవడమే సరైన నిర్ణయం. భూపాలపల్లి దగ్గర చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల, టర్బైన్లను నియంత్రించే నెట్‌వర్క్‌ను, జీతాల బిల్లులు చేసే నెట్‌వర్క్‌ను వేరుగా ఉంచడం ఎందుకు ముఖ్యమో కూడంకుళం చెబుతుంది. 2019లో అక్కడి పరిపాలనా నెట్‌వర్క్‌కు కలిపిన ఒక కంప్యూటర్‌లో మాల్‌వేర్ దొరికింది. నియంత్రణ వ్యవస్థలు దానితో కలిసి లేవని అణువిద్యుత్ సంస్థ ప్రకటించింది.

చివరగా, ‘భద్రత దృష్ట్యా మా డేటా ఇవ్వలేం’ అనే శాఖలు మీకు తప్పక ఎదురవుతాయి. కొన్నిసార్లు అది నిజమైన భయం, కొన్నిసార్లు పట్టు వదులుకోలేకపోవడం. ఏ వివరం, ఎవరికి తెలిస్తే, ఎవరికి, ఏ హాని అని రాతపూర్వకంగా అడగండి. నిజమైన భయం ఉన్నవారు ఒక పేజీ రాసి ఇస్తారు. ఆ పేజీ మీ సమాచార పట్టికకు పనికివస్తుంది.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. మీ మండల కార్యాలయంలో ప్రజలు నింపే ఏదైనా ఒక దరఖాస్తు తీసుకోండి. అందులోని ఏ గడులు ఆ సేవకు అవసరం, ఏవి అనవసరం? కారణాలు రాయండి.

2. జిల్లా ఆసుపత్రి, పింఛన్ల విభాగం, రేషన్ విభాగం జాబితాలను జోడించాలని ప్రతిపాదన వచ్చిందనుకోండి. ఒక్కో విభాగం మిగతా రెండింటి నుంచి అడగదగిన ప్రశ్నలు ఏవి? ఏ ప్రశ్నకు జవాబు ఇవ్వరాదు?