ఒకే కంప్యూటరులో రెండు జావాలు: ఉకారం పోయిన కథ

అత్తిముగం హోసూరు ప్రాంతపు పల్లె. మొరసునాటి ఊళ్ళలో ఇంటి భాష తెలుగైనా 2006 నాటి చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయింది. అందువల్ల పెద్దల నోట మిగిలిన మాటలను రాసిపెట్టటం తొందరగా జరగవలసిన పని. అటువంటి ఒక పదపట్టికను అకారాదిగా పేర్చటానికి మేము చిన్న జావా ప్రోగ్రాము వాడాము. ఒక కంప్యూటరులో పట్టిక చక్కగా వచ్చింది. మరొక దానిలో ఉకారాలు, పొల్లులు ఎగిరిపోయి వాటి చోట ప్రశ్నార్థకాలు మిగిలాయి. ఉకారం లేని తెలుగు ఎలా ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు.

తప్పు ప్రోగ్రాములో సగం, జావా కిట్టులో సగం. యూనికోడు పాఠాన్ని యూటీఎఫ్-8 పద్ధతిలో దాచినప్పుడు ఒక్కొక్క తెలుగు అక్షరానికి, గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఏ పద్ధతిలో చదవాలో ప్రోగ్రాము చెప్పకపోతే పాత జావా విండోస్ వారి అలవాటు పట్టికను, అంటే సాధారణంగా 1252 సంఖ్య గల పడమటి ఐరోపా పట్టికను, పట్టుకుంటుంది. అందులోని 256 గళ్ళలో అయిదు ఖాళీ. ఉకారపు గుర్తు చివరి బైటు 129, పొల్లుది 141. ఆ రెండు గళ్ళూ ఖాళీవే. తిరిగి రాసేటప్పుడు రెంటికీ ఒకే ప్రశ్నార్థకం పడుతుంది. అక్కడ ఉన్నది ఉకారమా, పొల్లా? నిఘంటువులో ఉన్న మాటయితే పోల్చి దిద్దవచ్చు. ఈ పల్లె మాటలకు నిఘంటువు సాక్ష్యం లేదు. మూలప్రతి వేరే ఫైలుగా ఉండబట్టి బతికిపోయాము.

2022 మార్చిలో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8 దానంతటదే వర్తిస్తుంది. చెడగొట్టిన కంప్యూటరులో ఉన్నది 2014 నాటి జావా 8. దానిని తీసివేయరాదా అంటే, మా పాత ప్రోగ్రాములు కొన్ని దానిలోనే నడుస్తాయి. కాబట్టి రెండూ ఉండాలి. ఉండవచ్చు కూడా; ఒక్కొక్క కిట్టు తన ఫోల్డరులో తాను ఉంటుంది.

చిక్కు పిలుపులో ఉంది. జావా అని ఆజ్ఞ ఇవ్వగానే కంప్యూటరు పాత్ అనే జాబితాలోని ఫోల్డర్లను వరుసగా వెదికి, మొదట దొరికినదానిని నడుపుతుంది. కనుక కిట్టు మార్చటమంటే ఆ వరుస మార్చటమే. విండోస్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ తెరచి, కావలసిన కిట్టులోని బిన్ ఫోల్డరును పైకి జరపాలి. జావా_హోమ్ అనే విలువ ఒక్కటే మార్చి ఊరుకునేవారు చాలామంది. దానిని కొన్ని పరికరాలు చూస్తాయి గాని, ఈ పిలుపు చూడదు. పైగా ఒరాకిల్ కిట్టు తన దారిని జాబితాలో ముందే చేర్చుకొని ఉండవచ్చు. ఉబుంటులో పని తేలిక: అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ఆజ్ఞ ఉన్న కిట్లను అంకెలతో చూపుతుంది, ఒక అంకె ఎంచుకుంటే చాలు.

మార్చిన తరువాత ఆజ్ఞల కిటికీని కొత్తగా తెరవాలి, పాతదానికి మార్పు తెలియదు. అప్పుడు జావాను, దాని కంపైలరు జావాసీని విడివిడిగా వెర్షన్ అడగాలి. జావాసీ 21, జావా 8 అని వస్తే, కంపైలైన ప్రోగ్రాము నడవనే నడవదు. ఏ కిట్టులోనైనా సరే, మా ప్రోగ్రాములో చదివే చోట, రాసే చోట యూటీఎఫ్-8 అని ఇప్పుడు స్పష్టంగా రాశాము.