వేసవి సేవకు లండన్ వస్తున్నారా?

ఆడపిల్లలకు ఆటలు నేర్పే ఛారిటీలో వేసవంతా పనిచేస్తామని మన ఊళ్ళ నుంచి అమ్మాయిలు మాకు ఫోన్లు చేస్తున్నారు. చాలా సంతోషం. కానీ టికెట్ కొనేముందు వీసా చూసుకోండమ్మా. విజిటర్ వీసా మీద రిజిస్టరైన ఛారిటీలో 30 రోజులే వాలంటీరుగా ఉండొచ్చు. అంతకు మించితే ఛారిటీ వర్కర్ వీసా కావాలి, దానికి ఆ సంస్థే స్పాన్సర్ చేయాలి. "ముందు వచ్చేయండి, తర్వాత చూద్దాం" అనే మాట నమ్మితే రేపటి వీసాకే ఎసరు.

పిల్లల దగ్గర పని కాబట్టి డీబీఎస్ తనిఖీ ఉంటుంది. ఇండియా రికార్డులు అందులో కనబడవు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అక్కడే తీసుకుని రండి.

గది ఈస్ట్ హామ్‌లో చూసుకుంటే మన తిండి, మన మాట దొరుకుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురే!

మేము ఆఫీసు గుమాస్తాలం, బంతి తన్నడం రాదు. శనివారాలు రిజిస్టరు రాస్తాం, తల్లులకు ఫోన్లు చేస్తాం. అసలు కష్టం అక్కడే. పన్నెండేళ్ళు రాగానే "పెద్దదైంది, ఇక చాలు" అని మాన్పించేస్తారు. నిక్కరు వద్దంటే లెగ్గింగ్స్ వేయండి అంటాం. 1921లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం కూడా ఆడవాళ్ళకు ఈ ఆట తగదని తన క్లబ్బుల మైదానాలు మూసేసింది, దాదాపు 50 ఏళ్ళు తెరవలేదు. 2022లో వెంబ్లీలో 87,192 మంది ముందు ఇంగ్లండ్ అమ్మాయిలే యూరో కప్పు గెలిచారు. ఇది చెబితే ఒకావిడ, "మరి చదువో?" అన్నారు. వారానికి రెండు గంటలేనమ్మా అన్నాం. పిల్ల మళ్ళీ వస్తోంది.

ఇంకా ముగ్గురు తల్లులు ఫోన్ ఎత్తడం లేదు. వచ్చేవాళ్ళలో నాలుగు మాటలు ఓపిగ్గా తెలుగులో మాట్లాడేవారుంటే మాకదే పెద్ద సాయం.