సమబాహు త్రిభుజం – అంతర వృత్తం

భుజం 6 సెంటీమీటర్లుగా గల సమబాహు త్రిభుజంలో, మూడు భుజాలను స్పృశిస్తూ అంతర వృత్తం ఇమిడి ఉన్నది. ఆ వృత్తంపై ఒక బిందువు సంచరిస్తున్నదనుకొందాం. దాని నుండి మూడు శీర్షాలకు గల దూరాల వర్గాల మొత్తం మారదని నిరూపించాలి. ఒలింపియాడ్‌కు సిద్ధమయ్యే విద్యార్థులకు ఇది పరిచితమైన సమస్య.

బిందువు ఒక భుజపు మధ్యబిందువు వద్ద ఉన్నపుడు ఆ వర్గాలు 9, 9, 27, మొత్తం 45. ఎదుటి శీర్షానికి అత్యంత సమీపంలో ఉన్నపుడు 3, 21, 21, మరల 45. విచిత్రమేమనగా, వర్గం చేయక దూరాలనే కూడితే ఈ నియమం నిలువదు. మొదటి చోట సుమారు 11.2, రెండవ చోట 10.9 వస్తాయి.

సమాధానం దొరికినదని ఇక్కడే కలం దించేవారు పెక్కుమంది. కాని వృత్తంపై బిందువులు అనంతం. రెండింటిని పరీక్షించడం నిరూపణ కాజాలదు. 1959లో ప్రారంభమైన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో ప్రతి సమస్యకు 7 మార్కులు. కారణం చూపని సమాధానానికి వాటిలో దక్కేది స్వల్పం.

ఆ కారణం వృత్త కేంద్రంలో ఉన్నది. కేంద్రం నుండి బిందువుకు గల దూరపు వర్గం 3, ప్రతి శీర్షానికి గల దూరపు వర్గం 12. కేంద్రాన్ని, బిందువును, ఒక్కొక్క శీర్షాన్ని తీసుకొని కొసైన్ సూత్రాన్ని అన్వయిస్తే, ప్రతిసారి 3, 12ల మొత్తం నుండి ఒక కొసైన్ పదాన్ని తీసివేయవలసి వస్తుంది. బిందువు కదిలినపుడు మారేది ఆ పదమొక్కటే. శీర్షాలు కేంద్రం చుట్టూ 120 డిగ్రీల ఎడంలో ఉన్నందువల్ల ఆ మూడు కొసైన్‌ల మొత్తం సున్న. మిగిలేవి మూడు పదిహేనులు.

నిజానికి త్రిభుజం సమబాహువు కానక్కరలేదు. ఏ త్రిభుజంలోనైనా మధ్యగత రేఖలు కలిసే గురుత్వ కేంద్రం చుట్టూ గీసిన వృత్తంపై ఇట్టి మొత్తం స్థిరంగానే ఉంటుంది. ఈ ఫలితం లైబ్నిట్జ్ (1646–1716) పేరుతో ప్రసిద్ధం.