ఎర్రమట్టిలో ఎవరెవరున్నారు?

తొలకరి పడిన మర్నాడు జహీరాబాద్‌ చుట్టుపక్కల ఎర్ర చెలకల్లోకి వెళ్తే నేలమీద అక్కడక్కడా కుంకుమ చల్లినట్టు కనిపిస్తుంది. వంగి చూస్తే ఆ కుంకుమ బొట్లు నడుస్తుంటాయి! అవే ఆరుద్ర పురుగులు. మఖమల్‌ గుడ్డలా మెత్తగా ఉండే వాటిని అగ్గిపెట్టెలో నాలుగు గడ్డిపరకలు వేసి దాచుకోని పిల్లలు ఈ వైపు ఉండరేమో.

ఇంతకీ అది పురుగేనా? కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది! కీటకానికి ఆరే ఉంటాయి. అంటే ఆరుద్ర పురుగు కీటకమే కాదు, సాలీడుకీ తేలుకీ చుట్టం. ముప్ఫయ్యేళ్లొచ్చేదాకా ఈ సంగతి నాకూ తెలీదు. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోపలే ఉండి, వానలు పడ్డాక కొద్దిరోజులు మాత్రం పైకొస్తుంది. సరిగ్గా అప్పుడే పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. రెక్కలు రాలి నేలమీద పడ్డ ఉసిళ్లు దానికి విందుభోజనం. మరి అంత ఎర్రగా ఉంటే పిట్టలు వదులుతాయా అంటే, వదులుతాయి. రుచి బాగోదని ఆ రంగే వాటికి చెబుతుంది.

హైదరాబాద్‌ నుంచి ముంబయి రహదారి మీద వంద కిలోమీటర్లు దాటాక వస్తుంది జహీరాబాద్‌. అక్కణ్నుంచి కర్ణాటక సరిహద్దు వైపు వెళ్తే గొట్టంగుట్ట అడవి. సరిహద్దుకు అవతల చించోళి అడవిని 2011లో అభయారణ్యంగా ప్రకటించారు. పులినో ఏనుగునో చూద్దామని వచ్చేవారికి ఇక్కడ నిరాశే. మోకాళ్లమీద కూర్చునే ఓపిక ఉన్నవారికి మాత్రం పొద్దు చాలదు.

చిన్న జంతువుల్లో చాలావరకు రాత్రిపూటే తిరుగుతాయి. కాబట్టి జంతువు కోసం కాదు, దాని జాడ కోసం వెతకాలి. గడ్డిలో గుండ్రంగా, ఎండిన పీచుతో చేసిన గోలీల్లా ఉంటే కుందేలు పెంటికలు. బండమీద విత్తనాలతో నిండిన రెట్ట కనిపిస్తే మానుపిల్లి వచ్చి వెళ్లినట్టే. ఈతపళ్లు తిని గింజల్ని ఇలా దూరంగా వదిలిపెడుతుంది, కూలి అడగని విత్తనాల మనిషి! దీన్నీ పునుగుపిల్లినీ చాలామంది ఒకటే అనుకుంటారు. తోక చూస్తే తేడా తెలుస్తుంది. కట్లు కట్లుగా ఉంటే పునుగుపిల్లి, నల్లగా ఉంటే మానుపిల్లి. నలుపూ తెలుపూ కలిసిన ముల్లు దొరికిందా, అది ఏదుపందిది. ముంగిసల్లోనూ రెండు రకాలున్నాయి. తోక కొసన నలుపుండి, దాన్ని పైకెత్తి నడిచేది అడవి ముంగిస. పొలాల గట్లమీద కనిపించే బూడిదరంగుదానికి ఆ నలుపుండదు.

అన్నింటికన్నా అన్యాయమైపోయేది చుంచెలుక. ఎలుకే కదా అని ఇళ్లల్లో కొట్టి చంపేస్తారు. నిజానికది ఎలుక జాతే కాదు. సన్నగా సాగిన మూతి, చిన్న కళ్లు, ఘాటైన వాసన... ఇవే గుర్తులు. దానికి కావలసింది బొద్దింకలూ పురుగులూ.

కీటకాల్ని చూడాలంటే పెద్ద సరంజామా అక్కర్లేదు. ఓ పాత గొడుగు చాలు. దాన్ని తిరగేసి పొద కింద పట్టి కొమ్మను కర్రతో తట్టండి. పుల్లలా ఉన్నది నడుస్తుంది, ఆకులా ఉన్నది ఎగురుతుంది. తంగేడు ఆకుల వెనక వెతికితే సీతాకోకచిలుక గుడ్లు దొరకొచ్చు. జిల్లేడు చుట్టూ తిరిగే నారింజరంగు సీతాకోకచిలుకతో మాత్రం జాగ్రత్త. జిల్లేడు ఆకు తిని పెరిగిన దాని ఒంట్లో విషం ఉంటుందని పిట్టలు దాన్ని ముట్టవు. ఆ ధైర్యంతోనే మరో జాతి ఆడ సీతాకోకచిలుక అచ్చం దాని వేషమే వేసుకుంటుంది. వెనక రెక్క నడిమధ్య మూడో నాలుగో నల్లచుక్కలుంటే అసలుది, పై అంచున ఒక్కటే ఉంటే వేషధారి. తీసిన ఫొటోను ఐనాచురలిస్ట్‌లో పెడితే పేరు చెప్పేవాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారు.

ఇదంతా కాలక్షేపమే అనుకోనక్కర్లేదు. 1983లో మొదలైన దక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ సంఘాల మహిళలు పస్తాపూర్‌ చుట్టుపక్కల ఊళ్లలో బీడుపడ్డ ఉమ్మడి భూముల్లో చెట్లు పెంచారు. పురుగూ పుట్రా మళ్లీ చేరేది అలాంటి చోటుకే. ఇంకోపక్క న్యాల్‌కల్‌, ఝరాసంగం మండలాల్లో వేల ఎకరాలు పారిశ్రామిక మండలి ‘నిమ్జ్‌’ కిందికి వెళ్తున్నాయి. ఏ చెలకలో ఏముందో రాసిపెట్టుకోకుండానే నేల రూపు మారిపోతే, పోయిందేమిటో కూడా చెప్పలేం. ఆ రాసే పని ఊళ్లోని బడిపిల్లలు చేయగలరు.

కుందేల్నీ ముంగిసనీ వేటాడటం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ముంగిస బొచ్చుతో రంగుల బ్రష్షులు చేస్తారు. పిల్లలకు కొనేటప్పుడు నైలాన్‌వి అడగండి.

అడవిలో రాయి కింద చెయ్యి పెట్టకండి, తేలుంటుంది. అవతలి అంచును కర్రతో మీవైపుకు ఎత్తితే రాయే అడ్డుగా ఉంటుంది. చూశాక ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టేయండి. ఆ కాస్త తడి ఆరితే కిందున్నవి చచ్చిపోతాయి. అగ్గిపెట్టెలోని ఆరుద్ర పురుగుల్ని కూడా పొద్దుగూకేలోగా దొరికిన చోటే వదిలిపెట్టించండి.