ఇల్లు చక్కబెట్టుకున్నారా?



వాక్యము ధ్యానించవలసిన సమయములో ఆస్తుల సంగతి ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. అయితే మనకు వచ్చే ప్రార్థన విన్నపాలలో ఇటువంటివి చాలా ఉంటాయి. "మా ఆయన ప్రభునందు నిద్రించారు. ఇల్లు ఆయన పేరున ఉన్నది. ఆయన అన్నదమ్ములు వచ్చి, ఇది మా వంశపు ఆస్తి, నీకేమి హక్కు అంటున్నారు. పిల్లలను తీసుకొని నేనెక్కడికి పోవాలి?" అని ఒక సహోదరి కన్నీళ్ళతో అడిగితే, ప్రార్థన చేస్తామమ్మా అని చెప్పి ఊరుకోవడం సరిపోదు. విధవరాలిని, తండ్రిలేని పిల్లలను ఆదుకోవడమే నిజమైన భక్తి అని యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో వ్రాశాడు.

యెషయా 38వ అధ్యాయములో హిజ్కియా రాజు మరణకరమైన రోగముతో పడియున్నప్పుడు, తన ఇంటి వ్యవహారాలు సరిచేసుకోమని దేవుడే ప్రవక్త ద్వారా కబురు పంపాడు. కాబట్టి వీలునామా వ్రాయడం అవిశ్వాసము కాదు, అపశకునము కాదు. అది ఇంటివారిపట్ల ప్రేమ.

మొదట, వీలునామా లేకపోతే ఏమి జరుగుతుందో చూద్దాము. మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలోని క్రైస్తవులకు 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము వర్తిస్తుంది. దాని ప్రకారము, భార్యాపిల్లలుండి భర్త చనిపోతే, ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు సమానముగా వస్తాయి. పిల్లలలో ఎవరైనా ముందే చనిపోయి ఉంటే, ఆ భాగము వారి పిల్లలకు చెందుతుంది. భార్య చనిపోయినప్పుడు భర్తకు కూడా ఇదే లెక్క. కాబట్టి ఆ సహోదరి ఇంటిలో ఆమె మరుదులకు, బావగార్లకు చట్టప్రకారము భాగము లేదు. పిల్లలు లేనప్పుడు మాత్రము సగము భార్యకు, సగము భర్త తండ్రికి వెళ్తుంది. తండ్రి లేకపోతే ఆ సగాన్ని తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు సమానముగా పంచుకుంటారు.

రెండవది, ఆడపిల్లల సంగతి. "దానికి కట్నమిచ్చి పెళ్ళి చేశాము, ఇంకేమి భాగము?" అనే మాట మన విశ్వాసుల ఇళ్ళలో కూడా వినబడుతుంది. ప్రియులారా, ఈ చట్టములో కుమారునికి, కుమార్తెకు తేడా లేదు. తండ్రి బ్రతికియుండగా బిడ్డకు ఇచ్చిన డబ్బును గాని సొమ్మును గాని ఆ వాటాలోనుండి తగ్గించకూడదని కూడా చట్టము చెబుతున్నది. కట్నము ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుండి నేరమే. చట్టము కంటే ముందే దేవుడు ఈ తీర్పు ఇచ్చాడు. సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ముందు నిలువబడి తమ తండ్రి స్వాస్థ్యము అడిగారు. వారు అడిగినది న్యాయమేనని దేవుడు పలికాడు. యోబు కూడా తన కుమార్తెలకు వారి సహోదరులతో పాటు స్వాస్థ్యమిచ్చాడు. చెల్లెలి చేత బలవంతముగా సంతకము పెట్టించుకొని ఆదివారము బల్ల దగ్గరకు వెళ్ళే అన్నలారా, ఒక్కసారి ఆలోచించండి.

మూడవది, ముసలి తల్లిదండ్రులు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటున్నది. కుమారుడు భార్యను, పిల్లలను విడిచి చనిపోతే, క్రైస్తవ వారసత్వములో అతని తల్లికి గాని తండ్రికి గాని భాగము రాదు. హిందూ చట్టములో తల్లికి భాగమున్నది, మనకు లేదు. కాబట్టి మీ తల్లి మీ మీద ఆధారపడి ఉంటే, మీరు వీలునామా వ్రాయకపోవడం ఆమెకు అన్యాయము. మన ప్రభువు సిలువ మీద వ్రేలాడుచు కూడా తన తల్లిని శిష్యునికి అప్పగించాడు గదా! బ్రతికియున్న బిడ్డలు చూడకపోతే, 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద ఆర్డీఓ గారి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు.

ఇక వీలునామా ఎలా వ్రాయాలి? స్టాంపు కాగితము అవసరము లేదు. తెల్ల కాగితము మీద, తెలుగులోనే వ్రాయవచ్చు. పద్దెనిమిది సంవత్సరాలు నిండి, మనసు స్థిమితముగా ఉన్నవారు ఎవరైనా వ్రాయవచ్చు. ఇద్దరు సాక్షుల ఎదుట మీరు సంతకము చేయాలి, వారు మీ ఎదుట సంతకము చేయాలి. ఆస్తి పొందేవారిని గాని, వారి భార్యను లేక భర్తను గాని సాక్షిగా పెట్టవద్దు. పెడితే వారికి వ్రాసిన భాగము చెల్లదు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో చేయిస్తే తరువాత తగవులు తగ్గుతాయి. బ్రతికియున్నంతకాలము మార్చుకోవచ్చు. అయితే వీలునామా వ్రాసిన తరువాత వివాహము చేసుకుంటే అది రద్దవుతుంది, మరల వ్రాయాలి. బ్యాంకులో నామినీ పేరు వ్రాశాము గదా అని నిశ్చింతగా ఉండవద్దు. నామినీ డబ్బు తీసుకోవడానికే గాని, వారసులను కాదని దానికి యజమాని కాడు. సర్టిఫికెట్లలో మతము వేరుగా నమోదైనవారికి ఏ చట్టము వర్తిస్తుందనే వివాదమే రావచ్చు. అటువంటివారికి వీలునామా మరింత అవసరము, వకీలు సలహా కూడా తీసుకోండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. క్రైస్తవులు ధర్మకార్యాలకు ఆస్తి వ్రాయడంపై ఉన్న ప్రత్యేక ఆంక్షను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది. కాబట్టి సంఘానికి వ్రాయవచ్చు. కాని భార్యను వీధిలో నిలిపి మందిరానికి వ్రాసే అర్పణ దేవునికి ఇష్టము కాదు. కొర్బాను అని చెప్పి తల్లిదండ్రులను మానివేసినవారిని యేసు ప్రభువు మార్కు 7వ అధ్యాయములో గద్దించాడు. సేవకులు కూడా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

తగవు అప్పటికే వచ్చి ఉంటే? ముందు సంఘ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడండి. సహోదరుని మీద సహోదరుడు వ్యాజ్యమాడుట గురించి పౌలు కొరింథీయులకు బాధతో వ్రాశాడు. అదే పౌలు తనకు న్యాయము జరగదని తెలిసినప్పుడు కైసరు న్యాయపీఠాన్ని ఆశ్రయించాడు. కాబట్టి బలహీనులు చట్టము సహాయము కోరడం పాపము కాదు. స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండా, 1987వ సంవత్సరపు చట్టము క్రింద ఉచితముగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేక 15100 నంబరుకు ఫోను చేయండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానము, అప్పీలు ఉండదు.

ప్రియ సహోదరీ, నీ హక్కు నీకు తెలియక ఎవరో గీయమన్న చోట గీత గీయవద్దు. కాగితము ఇంటికి తెచ్చుకొని, చదివించుకొని, ప్రార్థించి అప్పుడు నిర్ణయించుకో. ప్రియ సహోదరుడా, ఈ వారములోనే నీ భార్యతో కూర్చొని మాట్లాడు. ఇంటి దస్తావేజులు, పాసుపుస్తకాలు, అప్పుల లెక్కలు ఎక్కడున్నవో ఆమెకు చూపించు.

విధవరాండ్రకు న్యాయకర్తయైన దేవుడు మీ కుటుంబాలను కాపాడి, మీ మధ్య సమాధానము నిలుపును గాక. ఆమేన్.